పదహారేళ్లు వాడాక రాస్తున్నా: మా ఇంటి సర్వ, పెంక, కుక్కర్, శత్రంజి

మా అక్క బిడ్డకు పోయిన నెల పెళ్లయింది. హన్మకొండలోనే అద్దెకు ఇల్లు తీసుకుని వేరు కాపురం పెడుతున్నారు. "చిన్నమ్మా, మళ్లీ మళ్లీ కొనే పని లేకుండా ఒక్కసారే తీసుకోవాలంటే ఏమేం తీసుకోవాలె?" అని అడిగింది. ఫోన్‌లో చెప్తుంటే గంట దాటింది, అప్పటికి సగం కూడా కాలేదు. అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నా, కొత్త కాపురం పెట్టేవాళ్లు ఎవరికైనా పనికొస్తుంది. ఇవన్నీ నేను 2009 మేలో కాపురం పెట్టినప్పుడు వరంగల్‌లో కొన్నవి, ఇప్పటికీ మా ఇంట్లో వాడుకలో ఉన్నవి. కొన్న వారానికే రాసే రివ్యూల మీద నాకు నమ్మకం లేదు. గిన్నె సంగతి మొదటి వారంలో ఏం తెలుస్తుంది, ఐదో ఏడాది అడగాలి.

మొదట సర్వ గురించి చెప్తా, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. తెలియనివాళ్ల కోసం: సర్వ అంటే అడుగు గుండ్రంగా, మందంగా ఉండి, మెడ దగ్గర కొంచెం లోపలికి పోయి, అంచు మళ్లీ బయటికి తిరిగి ఉండే గిన్నె. మన సర్వపిండికి ఆ పేరు దీన్నుంచే వచ్చింది. మాది ఇత్తడిది, కిలోన్నర కంటే కొంచెం ఎక్కువ బరువు. వరంగల్ చౌరస్తా నుంచి లోపలికి పోయే ఒక సందులో పాత ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది, అక్కడ తీసుకున్నాం. ఆ రోజు మా అత్తమ్మ వెంట వచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను మెరుపు చూసి పల్చటిది తెచ్చుకునేదాన్ని.

సేటు మూడు సర్వలు తెచ్చి ముందు పెట్టాడు. చూడ్డానికి మూడూ ఒకటే తీరు. అత్తమ్మ ఒక్కోదాన్ని అరచేతి మీద బోర్లించి, వేలి కణుపుతో అడుగు మీద కొట్టి విన్నది. రెండు రేకు డబ్బాల్లా టపటపమన్నాయి, మూడోది ఠంగ్‌మని మోగి ఆ మోత కాసేపు సాగింది. తర్వాత బొటనవేలు లోపల, చూపుడువేలు బయట పెట్టి, అడుగు నుంచి అంచు దాకా మెల్లగా జరుపుతూ మందం చూసింది. అడుగు తిరిగి పక్కకు ఎక్కే వంపు ఉంటుంది చూడండి, అక్కడ ఆగి రెండుసార్లు చూసింది. మిషన్ మీద రేకును సాగదీసి చేసినవాటికి ఆ వంపు దగ్గరే పల్చబడుతుంది, సొట్ట పడ్డా చీలినా మొదట అక్కడే. అప్పుడు అదంతా చాదస్తం అనిపించింది, ఎండలో నిలబడి విసుక్కున్నా కూడా. ఇప్పుడు నేను ఎవరికి తోడు పోయినా అదే పని చేస్తున్నా.

ఇంకో మాట, ఇత్తడి కొనేటప్పుడు చిన్న అయస్కాంతం ఒకటి పర్సులో పెట్టుకుని పోండి. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం, దానికి అయస్కాంతం అంటదు. ఇనుము మీద ఇత్తడి పూత పూసి అమ్మేది అయితే టక్కున పట్టుకుంటుంది. స్టీల్‌కు మాత్రం ఈ పరీక్ష మీద ఆధారపడొద్దు. అయస్కాంతం అంటకపోతే మంచి స్టీల్ అని చాలామంది అంటారు కానీ అది సగం నిజమే. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 గ్రేడ్‌కు అయస్కాంతం పెద్దగా అంటదు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచి చౌకగా చేసే 200 సిరీస్ స్టీల్‌కు కూడా అంటదు. రెండింటికీ తేడా చేత్తో పట్టుకుంటే తెలియదు, గిన్నె మీద గ్రేడ్ ముద్ర ఉందా, బిల్లులో రాసి ఇస్తాడా అని అడగడమే దారి.

సర్వ మందంగా ఎందుకు ఉండాలో సర్వపిండి చేస్తేనే తెలుస్తుంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, కారం వేసి కలిపి, నూనె రాసిన సర్వ అడుగు నుంచి పక్కల మీదికి వేళ్లతో ఒత్తుకుంటూ పోతాం కదా, తర్వాత వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి వాటిల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న మంట మీద వదిలేస్తాం. అడుగు పల్చగా ఉంటే నడుమ నల్లగా మాడుతుంది, పక్కలు పచ్చిగానే ఉంటాయి. మందంగా ఉంటే వేడి పక్కలకు పాకి మొత్తం ఒకే తీరుగా ఎర్రబడి, చివరికి అట్లకాడ కొంచెం అంచుకు పెడితే చాలు టోపీ ఊడొచ్చినట్టు మొత్తం ఒక్కటిగా వచ్చేస్తుంది. రెండోది ఒత్తాలంటే కాలే సర్వ మీద చెయ్యి పెట్టలేం, బోర్లించి పైన చల్లనీళ్లు పోస్తాం. చుయ్‌మని ఆవిరి లేస్తుంది. పదహారేళ్లుగా ఇట్లా కాల్చడం, నీళ్లు పోయడం, మళ్లీ కాల్చడం జరుగుతూనే ఉంది, దాని రూపం ఇంచు కూడా మారలేదు.

అయితే ఇత్తడిలో వండాలంటే లోపల కళాయి ఉండాలి, ఈ సంగతి కొత్తగా కొనేవాళ్లకు దుకాణంలో గట్టిగా చెప్పరు. కళాయి అంటే లోపల తగరం పూత. పూత పోయిన ఇత్తడిలో చింతపండు పులుసో, టమాటనో, మజ్జిగనో ఉంచితే పులుపుకు లోహం దిగి చిలుము పడుతుంది, తింటే వాంతులు అవుతాయి. కాబట్టి లోపల తెల్లటి పూత మధ్యలో పసుపు మచ్చ కనిపించిన రోజు నుంచి పులుపు వండడం ఆపేసి, కళాయి వేయించాలి. మేం సర్వను వారానికి రెండు మూడు సార్లు పొయ్యి మీద పెడతాం, మాకు ఏడాదిన్నరకు ఒకసారి పడుతుంది. రోజూ వండే గిన్నె అయితే ఏడాదికే పోవచ్చు.

ఒకసారి నా తప్పు వల్లే కళాయి పోయింది. 2016లో అనుకుంటా, కడిగిన సర్వ తడి ఆరాలని పొయ్యి మీద పెట్టి పెద్ద మంట వేశాను. ఇంతలో ఫోన్ వచ్చింది, బయటి గదిలో మాట్లాడుతూ మర్చిపోయాను. వచ్చి చూస్తే లోపల పూత కరిగి, వెండి చుక్కల్లా జారి అడుగున ఒకచోట గుమిగూడి వణుకుతున్నది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, ఖాళీ గిన్నె పెద్ద మంట మీద ఆ వేడికి రావడానికి ఎంతోసేపు పట్టదు. గిన్నె మొత్తం పాడైందని ఏడుపొచ్చింది నాకు. అత్తమ్మకు చెప్పడానికి కూడా టెన్షన్ పడ్డాను.

మండి బజార్ వైపు కూర్చునే కళాయి చాచా దగ్గరికి తీసుకుపోయాను. ఆయన సర్వ లోపలికి చూసి, "గిన్నెకేం కాలేదు బేటీ, బట్ట మాసింది అంతే" అన్నాడు. మొదట ఇసుకతో లోపలంతా రుద్ది ఎర్రటి పసుపు వచ్చేదాకా తోమాడు. నేలలో చిన్న గుంట, అందులో బొగ్గులు, పక్కన చేత్తో తిప్పే గాలి పంకా. సర్వను పట్టకారుతో పట్టుకుని బొగ్గుల మీద తిప్పుతూ, వేడెక్కాక చిటికెడు నవాసాగరం పొడి చల్లాడు. తెల్లటి పొగ గుప్పున లేచింది, ముక్కుకు ఘాటు కొట్టింది. ఆ పొగలోనే తగరం కడ్డీని లోపల రెండు చోట్ల తాకించాడు, అది తాకిన చోటల్లా నీళ్లలా కరిగింది. వెంటనే దూది గుడ్డతో ఒక్క చుట్టు తిప్పి తుడిచాడు. అంతే, పసుపు మాయమై లోపలంతా పున్నమి చంద్రుడిలా తెల్లబడింది. తిప్పడం ఒక్క క్షణం ఆలస్యమైతే గడ్డలు కడుతుందట, అందుకే పని చేస్తున్నంతసేపు ఆయన ఎవరితో మాట్లాడలేదు. నీళ్లలో ముంచి చేతికిచ్చాడు. మొత్తం ఇరవై నిమిషాలు. పోయినసారి 250 రూపాయలు తీసుకున్నాడు.

నేను వస్తువును చూసే పద్ధతి ఆ రోజే మారింది. అరగదు, చెడిపోదు అని ఎవరు చెప్పినా నేను నమ్మను, పొయ్యి మీద పెట్టేది ఏదైనా అరుగుతుంది. అరిగినదాన్ని మళ్లీ నిలబెట్టే మనిషి మన ఊళ్లో, ఆటోకు యాభై రూపాయలిస్తే చేరుకునే దూరంలో ఉన్నాడా లేడా అన్నదే అసలు లెక్క. సర్వ పదహారేళ్లు వచ్చింది అంటే అందులో సగం మెహనత్ చాచాది. కాబట్టి మా బిడ్డకు నేను చెప్పింది ఇదే: ఇత్తడి సామాను కొనే ముందు నీ ఇంటి దగ్గర కళాయి వేసేవాళ్లు ఉన్నారో లేదో చూసుకో, లేకపోతే స్టీల్ తీసుకో.

ఇంకో చిన్న సంగతి. మనవైపు ఇత్తడి అనగానే "ఇది పెంబర్తిదమ్మా" అని చెప్పి ధర పెంచేవాళ్లు ఉంటారు. హైదరాబాద్ రోడ్డు మీద జనగామ దగ్గరి పెంబర్తికి నిజంగానే గొప్ప పేరుంది, 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, కానీ ఆ పేరు వచ్చింది ఇత్తడి రేకు మీద చెక్కే పనికి: గుళ్లలో వాహనాల తొడుగులు, పాన్‌దాన్‌లు, జ్ఞాపికలు. ఆ పనితనం కావాలంటే పెంబర్తి పోయి కళ్లతో చూసి కొనుక్కోండి. పప్పు వండుకునే సర్వకు ఆ పేరు చెప్పి ఎక్కువ అడిగితే ఇవ్వకండి.

దుకాణం గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. తూకం ముందర పెట్టి చూపిస్తాడు, బిల్లు మీద బరువు రాస్తాడు, ఎంతసేపు ఏరుకున్నా విసుక్కోడు. కానీ పాత ఇత్తడి మార్చుకుంటానంటే మాత్రం ముందే ధర ఖరారు చేసుకోండి. మేం పాత బిందె ఒకటి తీసుకుపోతే కొత్తదాని ధరలో సగం కూడా కట్టలేదు, అప్పటికే కొత్తవి ఏరి పక్కన పెట్టేశాం కాబట్టి కాదనలేకపోయాం. ముందు పాతది తూకం వేయించి, డబ్బు ఎంతో తేల్చుకుని, ఆ తర్వాతే కొత్తవాటి మీద చెయ్యి వేయాలి.

పెంక గురించి ఎక్కువ చెప్పేది లేదు, చెప్పేది లేకపోవడమే దాని గొప్ప. ఇనుప పెంక, జొన్న రొట్టెలకు తీసుకున్నది, 180 రూపాయలు పడింది అప్పట్లో. మొదటి వారం తిప్పలు పడ్డాను, రొట్టె అంటుకుని చిరిగింది, నల్ల నల్లగా వచ్చింది. పద్ధతి తెలియక. బాగా కడిగి, పొయ్యి మీద తడి ఆరబెట్టి, పల్చగా నూనె పూసి పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చి, మళ్లీ పూసి కాల్చి, ఇట్లా నాలుగైదు సార్లు చేస్తే ఆ నూనె ఇనుముకు పట్టుకుని నల్లటి నున్నటి పొరలా అవుతుంది. తర్వాత దోసె వేసినా లేచి వస్తుంది. తడిగా వదిలేయొద్దు, చింతపండు, టమాట దాని మీద వండొద్దు, పులుపుకు ఆ పొర పోతుంది. పోయినా భయం లేదు, మళ్లీ నూనె పూసి కాల్చుకోవడమే. దీన్ని బాగుచేయడానికి చాచా కూడా అక్కర్లేదు.

మధ్యలో 2011లో ఒక నాన్‌స్టిక్ పెనం కూడా కొన్నాను, పెద్ద షోరూంలో, ఇనుప పెంక కంటే ఐదింతలు పెట్టి. మొదటి ఆరు నెలలు నిజంగానే బాగుంది, అబద్ధం చెప్పను. రెండో ఏడాదికి నడుమ పూత పొరలు పొరలుగా లేవడం మొదలైంది. గ్యారంటీ కార్డు పట్టుకుని పోతే, గీతలు పడ్డవాటికి వర్తించదన్నారు. మరి మళ్లీ పూత వేసిచ్చేవాళ్లు ఎక్కడన్నా ఉన్నారా అని అడిగితే అట్లాంటిది ఉండదమ్మా, కొత్తది తీసుకోండి అన్నారు. ఆ పూత 260 డిగ్రీలు దాటితే దెబ్బతినడం మొదలవుతుంది, మనం దోసెకు ఖాళీ పెనం పెద్ద మంట మీద పెట్టి కాల్చేవాళ్లం కాబట్టి అది మన వంటకు సరిపోయే వస్తువు కాదని నా అభిప్రాయం. సన్న మంట మీద గుడ్డట్టు వేసుకునేవాళ్లకు సరిపోతుందేమో.

కుక్కర్ మాది హాకిన్స్, ఐదు లీటర్లది, అల్యూమినియం. మూత లోపలి నుంచి పెట్టే రకం. ఈ రకంలో నాకు నచ్చింది ఏమిటంటే లోపల ఆవిరి ఉన్నంతసేపు మూతను ఆ ఆవిరే కింది నుంచి అంచుకు ఒత్తి పట్టుకుంటుంది, తొందరపడి తీద్దామన్నా రాదు. చిన్న పిల్లలున్న ఇంట్లో అది పెద్ద ధైర్యం. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరిగితే, కుక్కర్‌లో చదరపు సెంటీమీటరుకు కిలో దాకా అదనపు ఒత్తిడి ఉండి 120 డిగ్రీల దాకా పోతుంది, అందుకే కందిపప్పు అంత తొందరగా మెత్తబడుతుంది. రోజుకు రెండుసార్లు ఆ ఒత్తిడి తట్టుకునే వస్తువు కాబట్టి కొనేటప్పుడు ఐఎస్‌ఐ ముద్ర, దాని పైన ఐఎస్ 2347 అన్న నంబరు చూసి తీసుకోండి. కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చి 2021 నుంచి ఇళ్లలో వాడే కుక్కర్లకు ఈ ముద్ర తప్పనిసరి చేసింది. అయినా ఆన్‌లైన్‌లో ముద్ర లేనివి అమ్ముతున్నారని 2022లో కొన్ని పెద్ద కంపెనీలకు జరిమానాలు పడ్డాయి, అంటే మన జాగ్రత్తలో మనం ఉండాల్సిందే.

ఈ పదహారేళ్లలో దానికి పది గ్యాస్కెట్లు, మూడు సేఫ్టీ వాల్వులు, రెండు హ్యాండిళ్లు మార్చాను. ఇదంతా విని మా వదిన, "అయితే అది పాత కుక్కరెట్లా అయితది, అన్నీ మార్చినవే కదా" అంటుంది. నాకు మాత్రం అదే దాని గొప్పతనం అనిపిస్తుంది. 2009లో కొన్న కుక్కర్‌కు ఇవాళ బజారుకు పోయి సైజు చెప్తే సరిపోయే గ్యాస్కెట్ దొరుకుతున్నది, ఎన్ని వస్తువులకు అట్లా దొరుకుతుంది చెప్పండి. మార్చిన సామాను ఖర్చంతా కలిపినా కొత్త కుక్కర్ ధర కాలేదు. ఒక్కసారి తక్కువకు వస్తుందని బండి మీద డూప్లికేట్ గ్యాస్కెట్ తెచ్చాను. చూడ్డానికి అచ్చం అదే, మందం మాత్రం కొంచెం తక్కువ. విజిల్ రాకుండా పక్కల నుంచి ఆవిరి బుసబుసమంటూ పోయింది, నీళ్లన్నీ బయటికొచ్చి పప్పు అడుగంటింది. ముప్పై రూపాయలు మిగిలాయని సంబరపడితే అరకిలో పప్పు పోయింది. సేఫ్టీ వాల్వు విషయంలో అయితే అసలు రాజీ పడొద్దు, విజిల్ దారి మూసుకుపోయినప్పుడు మనల్ని కాపాడేది అదొక్కటే, కంపెనీదే కొని వేయించుకోండి. లోపల నల్లబడితే పిండేసిన నిమ్మ చెక్కలు, నీళ్లు పోసి ఉడికిస్తే తెల్లబడుతుంది.

ఇక శత్రంజి. మన వరంగల్‌లో కొత్తవాడ శత్రంజీలంటే తెలియనివాళ్లు ఉండరు, వేరే జిల్లాలవాళ్లు జంపఖానా అంటారు. వరంగల్ దర్రీల పేరుతో 2018లో వీటికి కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేం కొన్నది అంతకు చాలా ముందు, నేరుగా కొత్తవాడలో నేసే ఇంటికే పోయి. మా మామయ్య అజంజాహీ మిల్లులో పనిచేసిన మనిషి, 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆ మిల్లు మూతపడి ఎన్నేళ్లయినా ఆయనకు నూలు చూడడం మాత్రం మరుపురాలేదు. శత్రంజి కొస నుంచి ఒక పోగు లాగి, పురి విప్పి చూసి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే మెత్తటి బూడిదైంది. "అసలు పత్తి" అన్నాడు. పాలిస్టర్ కలిస్తే పోగు కరిగి చివర గట్టి పూసలా ముద్ద కడుతుంది, బూడిద కాదు. ఎవరైనా చేయగలిగిన పరీక్షే, అమ్మేవాళ్లను అడిగి ఒక్క పోగు తీసుకుంటే చాలు.

తర్వాత రెండు చేతులతో ఎత్తి కిటికీ వెలుతురుకు అడ్డం పెట్టించాడు. వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే నేత వదులుగా ఉన్నట్టు. మాదాంట్లో ఒక్క చుక్క కనిపించలేదు. పక్క గదిలో మగ్గం మీద భార్యాభర్తలిద్దరూ కూర్చుని నేస్తున్నారు, పేక పోగు, అంటే అడ్డం పోగు, దూర్చినప్పుడల్లా ఇనుప గోళ్లున్న పంజాతో ధప్‌ధప్‌మని కొట్టి కూరుస్తున్నారు. ఆ దెబ్బ ఎంత గట్టిగా పడితే శత్రంజి అంత దట్టంగా వస్తుందని అక్కడ చూస్తే అర్థమైంది. వెనక, ముందు అని ఉండదు, రెండు దిక్కులా ఒకటే అందం, ఒక పక్క మాసితే తిరగేసి పరుచుకోవచ్చు. మాది ఆరు అడుగులకు తొమ్మిది, నీలం మీద ఎరుపు చారలు. 1,100 రూపాయలు ఇచ్చాం.

అది మా ఇంట్లో ఎన్ని పనులు చేసిందో రాస్తే ఒడవదు. ఎండాకాలం డాబా మీద పడక, బతుకమ్మ పేర్చేటప్పుడు పూలు పోసుకునే పరుపు, మామయ్య పోయినప్పుడు వచ్చినవాళ్లు కూర్చున్నదీ దాని మీదే. 2010 నుంచి 2024 వరకు ఎనిమిది మేడారం జాతరలయితే ఆరింటికి మాతోపాటు వచ్చింది. గుడారంలో దాని మీదే తినడం, దాని మీదే పడుకోవడం. అమ్మవార్లకు తీసుకుపోయిన బంగారం ఒకసారి రాత్రి మంచుకు కరిగి దాని మీద కారింది, తెల్లారేసరికి చీమలు బారులు కట్టాయి. బెల్లం కదా, ఇంటికొచ్చి నీళ్లలో నానబెడితే మరకన్నది లేకుండా పోయింది. జంపన్నవాగు ఇసుక మాత్రం అట్లా పోదు, డాబా పిట్టగోడ మీద వేసి కర్రతో ఎంత కొట్టినా మళ్లీ పరిచినప్పుడల్లా కొంచెం రాలుతూనే ఉంటుంది, నెలరోజులు పడుతుంది మొత్తం పోవడానికి.

లోపాలు కూడా ఉన్నాయి. మొదటి ఉతుకులో ఎరుపు దిగింది, ఎరుపు చారల పక్కన నీలం కొంచెం మసకబారింది. చన్నీళ్లలో విడిగా ఉతకమని వాళ్లు చెప్పారు, నేనే తొందరపడి వేణ్ణీళ్లు పోశాను. పొడిగా ఉన్నప్పుడే ఆరు కిలోలకు పైన ఉంటుంది, తడిస్తే ఒక్కరితో లేవదు. మా ఇంట్లో నేను ఒక కొస, మా ఆయన ఒక కొస పట్టుకుని ఎదురెదురుగా తిప్పి పిండుతాం. వాషింగ్ మెషిన్‌లో పట్టదు. వానాకాలం తడిపితే మూడు రోజులైనా ఆరదు, వాసన పడుతుంది, కాబట్టి దసరా దాటాకే ఉతకండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లయితే ఇంత పెద్దది కాకుండా నాలుగు అడుగులకు ఆరు తీసుకోవడం మంచిది.

2017లో ఎలుక ఒక మూల కొరికింది. అరచేయి పట్టేంత బొక్క. పారేయబుద్ధి కాక కొత్తవాడ తీసుకుపోయాను, మేం కొన్న ఇల్లు గుర్తుపట్టి. అప్పుడు నేసిన పెద్దాయన లేడు, ఆయన కొడుకు ఉన్నాడు. శత్రంజిని నేల మీద పరిచి, అంచు మీద వేలు పెట్టి ఒక చోట ఆగి, "అక్కా, ఇది మా నాయిన చేతిదే, అంచు దగ్గర రెండు పోగులు కలిపి తిప్పుడు ఆయనకు అలవాటు" అన్నాడు. పెద్ద సూదితో ముందు తెగిన పడుగు (నిలువు) పోగులను ఒక్కొక్కటిగా పట్టి కొత్త పోగులు కలిపి ముడివేశాడు, తర్వాత వాటి మధ్య నుంచి పేక పోగును పైకీ కిందికీ దూర్చుకుంటూ పోయి, చిన్న పంజాతో మెల్లగా కూర్చాడు. సాయంత్రం దాకా పట్టింది. నీలం సరిగ్గా కలవలేదు, అతుకు పడ్డ మూల కొంచెం ముదురు రంగులో కనిపిస్తుంది. 300 అడిగాడు, నేను 500 ఇచ్చాను. ఆ పని చూసినవాళ్లెవరూ 300 ఇవ్వలేరు.

కత్తిపీట సంగతి రెండు ముక్కల్లో. దుకాణంలో మెరిసే స్టీల్‌ది కొనకండి, కమ్మరి దగ్గర లారీ కమాన్ పట్టాతో చేయించుకోండి. ఆ పట్టాలది స్ప్రింగు ఉక్కు కాబట్టి పదును పట్టి ఉంటుంది, మొద్దుబారితే మళ్లీ ఆయనే సాన పట్టి ఇస్తాడు. తుడవకుండా వదిలేస్తే తుప్పు పడుతుంది, అది ఒక్కటే ఇబ్బంది. మన వైపు ఇనుము పనికి పాత పేరుంది, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కాచిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. ఇప్పుడు మనం కూరగాయలు తరగడానికి రెండు నెలలకోసారి మొద్దుబారే పల్చటి రేకు కత్తులు కొనుక్కుంటున్నామంటే నాకు నిజంగా బాధనిపిస్తుంది.

మా బిడ్డ లిస్టులో ఇంకా చాలా ఉన్నాయి, మిక్సీ, ఫ్రిజ్, గ్రైండర్, వాటి గురించి నన్నడగొద్దని చెప్పాను, అవి నా చేతిలో అంత కాలం నిలవలేదు. ఇంట్లోకి ఇత్తడి బిందెలు కావాలని వాళ్ల అత్తగారు అంటున్నారట. నీళ్లు నింపితే ఎత్తలేరు, నల్లా వచ్చే ఇంట్లో దాని అవసరం లేదు, ఆ డబ్బుతో ఒక మంచి సర్వ తీసుకొమ్మన్నాను.

ఈ ఆదివారం ఇద్దరం కలిసి వరంగల్ పోతున్నాం. పొద్దున దుకాణం, అక్కడి నుంచి కొత్తవాడ. నా సర్వ కూడా వెంట తీసుకుపోతున్నా, నిన్న తోముతుంటే అడుగున రూపాయి బిళ్లంత పసుపు కనిపించింది, చాచా ఉంటే దారిలోనే కళాయి వేయించుకొస్తా.